గుంబజ్ లోపలి రంగులు వానలకి కాదు, వానలు పోయాక రాలాయి: ఒక కేస్ స్టడీ

ఈ కేసు బహమనీల కాలం నాటి ఒక గోరీది. ఊరి పేరు, లోపల ఉన్న సమాధి ఎవరిది, ఏ ఆఫీసు అజమాయిషీలో ఉంది అన్నవి రాయట్లేదు, గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు కావాలనే వదిలేశాను. బీదర్, గుల్బర్గా చుట్టుపక్కల ఇలాంటి గుంబజ్‌లు బోలెడున్నాయి, అందుకని ఇది ఏదై ఉంటుందా అని వెతుక్కోవద్దు. గోడ మీద బొమ్మ పాడవుతోందంటే ఎవరికైనా ముందు తట్టేది చెమ్మ, ఆ వెంటనే తట్టేది ఆరబెట్టడం. ఇక్కడ బొమ్మని తినేస్తున్నది ఆ ఆరడమే. ఆ సంగతి ఎలా తేలింది, తేలాక ఏది ఎందుకు చేశాం, ఏది ఎందుకు మానేశాం అన్నది ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఈ పని ఏ కోవదో చెప్పాలి. ఇందులో అందరికీ తెలిసింది బీదర్ పక్కన అష్టూర్‌లో ఉన్న అహ్మద్ షా వలీ గోరీ. జహీరాబాద్ దాకా వెళ్ళినవాళ్ళు ఇంకొంచెం ముందుకెళ్ళి చూసి రావాల్సిందే. ఈయన 1422 నుంచి 1436 దాకా ఏలాడు, రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కి తెచ్చింది ఈయనే, ఇరాన్‌లో కిర్మాన్ వైపు ఉండే సూఫీ గురువు షా నిమతుల్లా వలీ మీద గురి కుదిరి ఆయన మనవణ్ణి ఇక్కడికి రప్పించుకున్నాడు, ఆ రాకపోకల్లోనే అటువైపు పనివాళ్ళు, రాతగాళ్ళు, వాళ్ళ డిజైన్లు దక్కన్‌కి దిగాయి. లోపలికెళ్ళి తలెత్తితే డోమ్ అంతా ఎరుపు, నీలం, బంగారం, మధ్యలో అరబ్బీ అక్షరాల పట్టీలు, తీగలు. ఇరాన్, మధ్య ఆసియా ఏలిన తైమూరీల నాటి పుస్తకాల మొదటి పేజీల్లో ఉండే నగిషీ ఇదే, ఇక్కడ గోడకెక్కింది. ముస్లింలు వలీ అని వస్తారు, లింగాయతులు తమ గురువు అల్లమప్రభు అంశ అని వస్తారు. మా కేసులోది సుల్తాన్‌ది కాదు, చాలా చిన్నది, అయినా పని తీరు అదే: చదరపు గది, మూలల్లో కమానులు, పైన డోమ్, గోడలు నల్లరాయి, ఎర్రటి లాటరైట్ కలిపి కట్టినవి.

టూరిస్టు బోర్డుల మీద దీన్ని ఫ్రెస్కో అని రాసేస్తుంటారు గానీ తడి సున్నం మీద వేసింది కాదిది. రాతి మీద డంగు సున్నం ముతక పూత, దాని మీద సన్నటి సున్నం పూత, అది పూర్తిగా ఆరాక నున్నగా రుద్ది, బంకో వజ్రమో (తోలు, ఎముకల నుంచి తీసే జిగురు) కలిపిన రంగులతో వేసింది. ఇంగిలీకం (పాదరసంతో చేసిన ఎరుపు), సిందూరం (సీసంతో చేసిన నారింజ ఎరుపు), ముదురు నీలం, రాగితో చేసిన పచ్చ, మసి నలుపు, అక్కడక్కడా బంగారు రేకు. అంటే రంగుని గోడకి పట్టి ఉంచుతున్నది సున్నం కాదు, జిగురు. నీళ్ళు తగిలితే కదులుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తర్వాత మేం తీసుకున్న సగం నిర్ణయాలు చెప్పకుండానే అర్థమవుతాయి.

మమ్మల్ని పిలిచింది దేనికి

చేతిలో పెట్టిన కాగితంలో మూడు పనులున్నాయి. రాలుతున్న రంగు అతికించాలి, కింది గోడల మీద ఎప్పుడో కొట్టిన వెల్ల గీకేసి అడుగున ఉన్న బొమ్మ బయటపెట్టాలి, నల్లబడ్డ అక్షరాలకి మళ్ళీ ఎర్రరంగు వేయాలి. దానికి తోడు ఇంజినీర్ గారి నోట్ ఒకటి, డోమ్ కారుతోంది కాబట్టి లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాలి, ఆరాక లోపలి వైపు సిలికాన్ కోటింగ్ కొట్టించాలి అని. మార్చిలోపు బిల్లు కూడా పెట్టాలి, అది మామూలే.

లోపల చూస్తే మూడు అంతస్తుల్లో మూడు రకాల రోగం. పైన డోమ్‌లో రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. మధ్యలో అక్షరాల పట్టీ మీద టార్చ్ వేస్తే ప్లాస్టిక్ షీట్ కప్పినట్టు మెరుపు, అంటే ఇంతకుముందు ఎవరో పారదర్శకంగా ఉండే జిగురు పూత వేశారు. దాని కింద మనిషి చెయ్యి అందేంత ఎత్తు వరకూ వెల్ల. గోడ పక్కనే టార్చ్ అడ్డంగా పట్టి వెలుగు పాకిస్తే డోమ్ పడమటి భుజం మీద రంగు ఎండిన చెరువు మట్టిలా అంచులు పైకి లేచి వంకర తిరిగి ఉంది. తూర్పు వైపు అంత లేదు. వేలి కొసలతో తట్టుకుంటూ పోతే కొన్ని చోట్ల గోడ గట్టిగా పలుకుతుంది, కొన్ని చోట్ల డొల్లగా. ఆ డొల్ల జాగాలన్నీ సుద్దముక్కతో కాదు, ఫోటో ప్రింట్ మీద పెన్నుతో గుర్తు పెట్టాం.

లేచిన పెచ్చు ఒకదాని వెనక భూతద్దం పెట్టి చూస్తే తెల్లగా వెంట్రుకల్లాంటి సన్నటి సూదులు గుత్తిగా నిలబడి ఉన్నాయి, పెచ్చుని వెనకనుంచి నెడుతున్నవి అవే. ఉప్పు. స్ట్రిప్ టెస్ట్‌లో సల్ఫేట్ బాగా, నైట్రేట్ బాగా, క్లోరైడ్ ఒక మోస్తరుగా చూపించింది. సల్ఫేట్ ఎక్కడిదో పైకెక్కితే తెలిసింది, డోమ్ బయటి వైపు పాత సున్నపు గచ్చు మీద ఎప్పుడో మందంగా సిమెంట్ ప్లాస్టర్ కొట్టారు, సిమెంట్‌లో కరిగే సల్ఫేట్లు, క్షారాలు ఉంటాయి, బీటల్లోంచి దిగిన వాన నీళ్ళు వాటిని మోసుకుని లోపలి సున్నంలోకి వస్తాయి. నైట్రేట్‌కి సమాధానం మా తలల మీదే వేలాడుతోంది, గబ్బిలాలు. అన్ని ఉప్పులూ ఒకటి కాదు, ఏది ఎక్కడినుంచి వస్తోందో విడదీయకపోతే ఏ కుళాయి కట్టాలో తెలియదు.

ముజావర్ చాచా చెప్పిన మాట

అంతవరకూ అందరి లెక్కా ఒకటే, వానాకాలంలో చెమ్మకి రాలుతోంది అని. రోజూ లోపల ఊడ్చే ముజావర్‌ని అడిగితే ఆయన ఠక్కున చెప్పాడు: "వానల్ల ఏం రాలవు సార్. దసరా అయినంక చలి షురూ అయితది గద, అప్పుడు రాలతయ్. పొద్దుగాల ఊడ్సి చూస్తే చాటల ఎర్రగ కనవడ్తది." ఏటా ఇంతేనా చాచా అంటే ఏటా ఇంతేనన్నాడు.

ఈ మాటని ఊరికే వినేసి వదల్లేదు. డోమ్ కింద నేలని గడులుగా భాగించి ఒక్కో గడిలో తెల్లబట్ట పరిచాం, రాలినవాటిని గడి నంబరు, తారీఖు వేసి పొట్లాలు కట్టి తూచేవాళ్ళం. గాలిలో తేమ, వేడి రాసుకునే చిన్న లాగర్లు పైన రెండు, కింద ఒకటి పెట్టాం. ఒక వానాకాలం, దాని వెనక చలికాలం అంతా ఇది తప్ప బొమ్మ మీద ఏ పనీ చేయలేదు. బిల్లు ఆగిపోయింది, ఆఫీసు వాళ్ళు కాస్త మొహం మాడ్చారు కూడా.

చాచా చెప్పిందే నిజం. వానలు పడినన్నాళ్ళూ లాగర్‌లో తేమ గీత పైనే దాదాపు తిన్నగా పోయింది, బట్టల మీద పడింది చాలా తక్కువ. అక్టోబర్‌లో గీత ఎగుడుదిగుడు మొదలైంది, రాత్రి పైకి, మధ్యాహ్నం కిందికి, రాలడం ఒక్కసారిగా పెరిగింది, అదీ పడమటి కిటికీకి ఎదురుగా గాలి తగిలే గడుల్లో మరీ ఎక్కువ. ఎందుకంటే వంటింటి ఉప్పునే తీసుకోండి, గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీరవుతుంది, కిందికి పడితే మళ్ళీ పలుకు కడుతుంది. వేరే ఉప్పులకి ఆ హద్దు వేరే చోట ఉంటుంది, రెండు మూడు కలిస్తే ఇంకా జరుగుతుంది. సోడియం సల్ఫేట్ అయితే నీళ్ళు పట్టించుకున్న పలుకు ఒకటి, నీళ్ళు లేని పలుకు ఒకటి, రెండింటి సైజుకీ చాలా తేడా, దాని తోపుడు మరీ మొరటు. వానల్లో ఉప్పు గోడలో కరిగి గమ్మున ఉంటుంది. ఏ రోజైతే గాలిలో తేమ ఆ హద్దుని దాటి కిందికీ పైకీ తిరగడం మొదలుపెడుతుందో ఆ రోజునుంచి రంగు వెనక పలుకు కట్టడం, కరగడం, మళ్ళీ కట్టడం.

ఇప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ల సంగతి ఆలోచించండి. అక్టోబర్‌లో చేసే నష్టాన్ని ఆగస్టులో కూడా, ఇంకా జోరుగా చేయించడమే. సిలికాన్ కోటింగ్ ఇంకా ఘోరం, నీరు ఆవిరిగా బయటికి పోగలదు గానీ ఉప్పు నీళ్ళు పైదాకా రాలేవు, పలుకులన్నీ కోటింగ్ వెనకే కట్టి ఒక రోజు రంగూ సున్నం కలిపి పలకలా ఊడిపడతాయి. లాగర్ గీతల ప్రింటూ, పొట్లాల బరువులూ పక్కపక్కన టేబుల్ మీద పెడితే ఇంజినీర్ గారు పెద్దగా వాదించలేదు, ఆ నోట్ వెనక్కి తీసుకున్నారు. నన్నడిగితే ఈ కేసు మొత్తంలో బొమ్మకి జరిగిన అతి పెద్ద మేలు అదే.

ట్రయల్ వేసి వద్దనుకున్నవి

ముందు ఉప్పు లాగేద్దామని చూశాం. కాగితం గుజ్జుని శుద్ధమైన నీటితో తడిపి గోడకి పట్టించి ఆరనిస్తే ఉప్పు గుజ్జులోకి వస్తుంది, రాతి మీద చక్కగా పనిచేసే పద్ధతి. బొమ్మ లేని ఒట్టి ఎర్ర అంచు మీద అరచేతి మేర, మధ్యలో జపనీస్ టిష్యూ (పల్చటి గట్టి కాగితం) వేసి చేశాం. టిష్యూ ఊడదీస్తే గులాబీ రంగు అంటుకుని వచ్చింది, జిగురు కదిలిందన్నమాట. ఉప్పు కొంత వచ్చింది గానీ కొన్ని వారాలకే అక్కడ మళ్ళీ పూసింది, పైన సిమెంట్ అలాగే ఉండగా రాకేం చేస్తుంది.

తర్వాత నానోలైమ్, అంటే ఆల్కహాల్‌లో కలిపిన అతి సన్నటి సున్నం. నీళ్ళు లేవు కదా అని మాకు దీని మీద ఆశ ఉండేది. పిండిపిండిగా ఉన్న ఒట్టి సున్నం మీద ఫలితం బావుంది. ముదురు నీలం మీద మాత్రం తెల్లటి పొగమంచు కమ్మినట్టు మరక మిగిలింది, లేత రంగు గోడ అయితే కనపడేది కాదేమో, ఇక్కడ నేపథ్యమంతా ముదురే. కాబట్టి రంగు లేని చోట్లకి మాత్రమే ఉంచుకున్నాం.

ఇటలీ పద్ధతి ఎందుకు వాడరని ఒకరు అడిగారు, 1966లో ఫ్లోరెన్స్ వరదల తర్వాత పేరొచ్చిన అమ్మోనియం కార్బొనేట్, బేరియం హైడ్రాక్సైడ్ పద్ధతి. సల్ఫేట్ ఉన్న నిజం ఫ్రెస్కోకి అది గొప్పగా పనిచేస్తుంది. మా గోడ మీద రాగి పచ్చ ఉంది, అమ్మోనియా తగిలితే రాగి కరుగుతుంది, పైగా రంగులన్నీ జిగురు మీద నిలబడ్డవి. ఇది ట్రయల్ కూడా వేయలేదు.

మధ్య పట్టీ మీది పాత పూత గురించి ఒక మాట. ఎసిటోన్‌తో తడిపిన దూది చుట్టకి మెత్తబడింది, పరీక్షలో పాలీవినైల్ ఎసిటేట్, అంటే ఒక సింథటిక్ జిగురు, అని తేలింది. అప్పట్లో వేసినవాళ్ళని తిట్టడం నాకిష్టం ఉండదు, వాళ్ళ చేతిలో ఉన్నది వాళ్ళు వాడారు. అజంతా మన నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు 1920లో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సీని అని ఇద్దరు నిపుణుల్ని పిలిపించారు, వాళ్ళు వాడిన షెల్లాక్ (లక్క పూత) తర్వాత పసుపెక్కి బొమ్మల్ని మసకబార్చింది. జోర్డాన్‌లో ఎనిమిదో శతాబ్దం నాటి కుసైర్ అమ్రా స్నానశాల గోడలకీ 1970లలో చేసిన పని మీద మళ్ళీ పని పడింది, 2010 తర్వాత శుభ్రం చేస్తుంటే 2012లో వలీద్ బిన్ యజీద్ పేరున్న రాత బయటపడి ఆ కట్టడం ఎవరిదన్న పాత చర్చ తేలింది. పూత తీయడం లాభమే అని అవి చూస్తే అనిపిస్తుంది. మా దగ్గర చిక్కేంటంటే కొన్ని అక్షరాల కింద సున్నం పిండైపోయి రంగుని ఆ పూతే పట్టుకుని ఉంది. మొత్తం తీస్తే అక్షరం దాంతోపాటే వచ్చేస్తుంది. అందుకే పల్చన చేసి ఆపాం, మెరుపు తగ్గేదాకా, గోడ ఊపిరి పీల్చేదాకా, అంతే.

పనిచేసినవి

అసలు పని డోమ్ బయట జరిగింది. సిమెంట్‌ని మెషిన్ పెట్టకుండా ఉలీ సుత్తితో చిన్న చిన్న ముక్కలుగా తీయించాం, ఎందుకంటే లోపల డొల్లగా ఉన్న జాగాలకి ఆ అదురు చాలు రాలిపోవడానికి. ఒక మనిషి లోపల గోడకి చెయ్యి ఆనించి నిలబడేవాడు, అదురు తెలిస్తే పైవాళ్ళకి కేకేసేవాడు. డోమ్ మీద మొలిచిన రావి మొక్క వేరు గచ్చులోకి ఎంత దూరం పోయిందో చూసి, లాగకుండా కోసి చంపాం, లాగితే రాళ్ళు కదులుతాయి. ఆ తర్వాత సున్నం, ఇసుక, ఇటుక పొడితో కొత్త గచ్చు, రోజుల తరబడి తడి గోనెపట్టాలు కప్పి నిదానంగా గట్టిపడనిచ్చాం. వాన నీళ్ళు జారిపోయే తూముల్లో పిచ్చుక గూళ్ళు, మట్టి తీయించడం ఖర్చులేని పని, దానితోనే పడమటి గోడకి దిగే నీళ్ళు చాలావరకు ఆగాయి.

ఇదంతా వానలకి ముందే ముగించి, బొమ్మ జోలికి వెళ్ళకుండా మళ్ళీ ఒక వానాకాలం ఆగాం. కొత్త గచ్చు కారుతుందా లేదా తెలియకుండా లోపల పెచ్చులు అతికిస్తే ఆ అతుకు వెనకే ఉప్పు కడుతుంది కదా. ఈలోపు ఇక రేపో మాపో పడేలా వేలాడుతున్న పెచ్చులకి మాత్రం టిష్యూ ఆసరా ఇచ్చాం.

అక్టోబర్ గాలికి మందు చాలా చవక. పడమటి కిటికీకి వెదురు తడక, తలుపుకి మందపాటి తెర. దసరా ముందు కట్టాలి, సంక్రాంతి దాటాక విప్పాలి, ఆ బాధ్యత చాచాదే. గాలి పూర్తిగా ఆపడం ఉద్దేశం కాదు, ఆరడం నెమ్మదించాలి, పగటికీ రాత్రికీ మధ్య ఊగడం తగ్గాలి. గబ్బిలాలు పైన చిల్లుల్లోంచి వస్తున్నాయి, పిల్లలు పెట్టే కాలం కాకుండా చూసుకుని, అవి సాయంత్రం బయటికెళ్ళాక జాలీ బిగించాం. నూనె దీపాల గురించి మాత్రం ఆర్డర్ వేయిస్తే పనయ్యేది కాదు, మొక్కు ఉన్నవాళ్ళు పెడతారు. చాచాతో కూర్చుని మాట్లాడితే ఆయనే గుమ్మం బయట గూడు చూపించి దీపాలు అక్కడ పెట్టించడం మొదలుపెట్టాడు, ఉర్సు రోజున లోపల ఒక్కటి ఉంటుంది, దానికి మేమూ సరే అన్నాం.

ఇక పెచ్చులు. నీళ్ళు వాడకూడదు, మెరుపు రాకూడదు, వెనక దారి మూసుకోకూడదు. హైడ్రాక్సీ ప్రొపైల్ సెల్యులోజ్ అనే జిగురుని ఆల్కహాల్‌లో పల్చగా కలిపి సన్న బ్రష్‌తో పెచ్చు అంచున ఒక చుక్క వదిలితే లోపలికి పాకుతుంది, పెచ్చు మెత్తబడ్డాక టిష్యూ మీంచి దూది ఉండతో మెల్లగా వెనక్కి నొక్కాలి. ముందే వెనక ఉప్పు సూదుల్ని పొడి బ్రష్‌తో దులపాలి, లేకపోతే పెచ్చు కూర్చోదు. ఇది బలమైన జిగురేం కాదు, బలం మాకు అక్కర్లేదు కూడా, గోడకన్నా జిగురు గట్టిదైతే ఈసారి గోడే ఊడుతుంది. డొల్లలకి సున్నం, సన్నగా జల్లించిన ఇటుక పొడి కలిపిన పల్చటి గ్రౌట్, అంటే లోపలికి ఎక్కించే జావ. ఒట్టి సున్నం గాలి తగలని చోట గట్టిపడదు, ఇటుక పొడి తోడుంటే గాలి లేకపోయినా పడుతుంది. ముందు కాస్త ఆల్కహాల్ ఎక్కిస్తే గ్రౌట్ కొద్ది నీటితోనే లోపలికి జారుతుంది. పెద్ద డొల్లలన్నీ ఒకేసారి నింపలేదు, ఆ తడి ముందువైపు రంగుని పట్టుకోకుండా వంతులవారీగా, మధ్యలో ఆరనిస్తూ చేశాం.

వెల్ల విషయంలో మాకు ఒక సాయం దొరికింది, అది మసి. పై భాగంలో దీపాల మసి పట్టాక దాని మీద వెల్ల కొట్టారు, అందుకని వెల్ల బొమ్మకి నేరుగా అంటలేదు, మసి పొర దగ్గర చాకు కొస పెట్టి మెల్లగా తిప్పితే గోరంత ముక్క టక్కున విడివడుతుంది, కింద మసి, మసి కింద రంగు. అలా ఒక తీగ, రెండు పూలు బయటపడ్డ రోజు ఆఫీసు వాళ్ళు ఫోటోలు దిగారు. కిందికి వచ్చేకొద్దీ మసి లేదు, వెల్ల సూటిగా రంగుని పట్టేసింది, అక్కడ వెల్లతో పాటు రంగూ లేస్తోంది. అక్కడ ఆపేశాం. మొత్తం తీసి చూపించాలని పట్టుబట్టారు గానీ, జనం భుజాలు ఆనించే ఎత్తులో ఆ వెల్లే ఇన్నాళ్ళూ బొమ్మకి గొడుగు, దాన్ని సరిగ్గా తీసే పద్ధతి దొరికినరోజు తీయొచ్చు, పోయిన రంగుని మాత్రం ఎవరూ తేలేరు అని రాతపూర్వకంగా ఇచ్చాం.

నల్లబడ్డ అక్షరాలది వేరే కథ. హ్యాండ్‌హెల్డ్ ఎక్స్ఆర్ఎఫ్‌లో, అంటే ఎక్స్‌రేలు వేసి ఏ లోహం ఉందో చెప్పే చేతి మెషిన్‌లో, సీసం చూపించింది, రాలిన ముక్కని అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే పైన నలుపు, దాని కింద చక్కటి నారింజ. సిందూరం చెమ్మకీ వెలుగుకీ సీసపు డైఆక్సైడ్‌గా మారిపోయింది. మురికి కాదు, తుడిస్తే పోదు, అసలు రంగే అలా మారింది. దాని మీద ఎర్ర పెయింట్ వేయమన్న పనిని మేం చేయలేదు, బదులుగా ఒక ప్యానెల్ మొదట్లో ఎలా ఉండేదో కాగితం మీద వేసి గుమ్మం బయట బోర్డుగా పెట్టించాం. వచ్చినవాళ్ళు బోర్డు చూసి లోపలికెళ్ళి పోల్చుకుంటున్నారని చాచా చెప్పాడు.

ఇలాంటి కేసు మళ్ళీ వస్తే నేను ముందు అడిగేది ఊడ్చే మనిషిని, తర్వాత ఎక్కేది డోమ్ మీదికి, లోపలికి పరంజా కట్టేది వీటి తర్వాతే. లాగర్లు ఏడాది తిరగకుండా తీయను. ఎస్టిమేట్‌లో ఆ ఏడాదిని ప్రత్యేకంగా ఒక పనిగా చూపించి డబ్బు అడగాలి, ఖాళీగా ఉన్నట్టు రాస్తే మంజూరు కాదు. అలాగని తడకలూ తెరలూ ప్రతి గుంబజ్‌కీ పనికొస్తాయని చెప్పను, ఉప్పులు వేరైతే, కిటికీ దిక్కు వేరైతే లెక్క మారిపోతుంది, సముద్రం గాలి తగిలే చోట అసలు చెల్లదు.

ఇప్పటి పరిస్థితి ఏంటంటే, బట్టల మీద పడేది బాగా తగ్గింది, సున్నా మాత్రం కాలేదు. పడమటి భుజంలో రాళ్ళ మధ్య సున్నం ఇన్నేళ్ళుగా తాగిన ఉప్పు ఇంకా వస్తూనే ఉంది, అది బయటికి రావడానికి బొమ్మ లేని చోట పాత మరమ్మతు ప్యాచ్ ఒకదాన్ని తీసి మెత్తటి సున్నం, ఇసుకతో నింపాం, ఉప్పు అక్కడ పూస్తే అది పాడైనప్పుడల్లా మార్చేయొచ్చని. మొదటి చలికాలం ప్యాచ్ మీద తెల్లగా పూసింది, కానీ దానికి పక్కనే ఉన్న నీలం మీద కూడా కొంచెం కనపడింది. ప్యాచ్ ఇంకాస్త వెడల్పు చేయాలా, ఇసుక పాలు పెంచాలా అన్నది ఈసారి తడకలు విప్పాక చూసి తేల్చుకుంటాం.